సూదీ దారం: అవ్వ చీరలకు కత్తెర పెట్టేదా, వద్దా?

పోయిన సంచికలో పసిబిడ్డ పొత్తిళ్లకు పాత పంచె మేలా, కొత్త గుడ్డ మేలా అని ఒకమ్మాయి అడిగితే నాలుగు ముక్కలు రాశాను. అంతే, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బొంతల గురించే. ఫాల్స్, బ్లౌజు చేతులు, లైనింగ్ గురించి అడిగినవాళ్లు ఏమీ అనుకోవద్దు, మీవి వచ్చే నెల చూద్దాం. ఇంకో తమాషా ఏమంటే, రాసినవాళ్లలో ఎక్కువమంది ఎవరికో తల్లి, లేకపోతే ఎవరికో కూతురు. ఇద్దరికీ బొంతల పిచ్చి, ఇద్దరికీ రోజూ పేచీ. ఒకరి మీద ఒకరు నాకు ఫిర్యాదు చేసినవాళ్లూ ఉన్నారు.

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి, కొర్లగుంట. మా అమ్మ పోయి ఏడాది దాటింది. ఆమెవి పదకొండు నేత చీరలు నా బీరువాలో అట్లే ఉన్నాయి. నేను బొంత కుట్టడం అమ్మ దగ్గరే నేర్చుకున్నా, చీర మీద చీర పరిచి చేత్తో కుట్టుకుంటూ పోయే పాత రకం. మా పాపకు బెంగళూరులో ఉద్యోగం. తను వీడియోలు చూసి ముక్కలు కోసి మిషను మీద డిజైన్లు కుడుతుంది, క్విల్టింగ్ అంటుంది. శనాదివారాలు ఇంటికి వస్తే ఇద్దరం కుట్టుకుంటూ కూర్చుని అన్నం తినేది కూడా మర్చిపోతాం. ఇప్పుడు అవ్వ చీరలన్నీ అయిదంగుళాల ముక్కలుగా కోసి ఒకటే బొంత చేద్దామంటుంది. నాకు చేతులు రాలేదక్కా, కత్తెర పట్టుకుంటే ఏడుపొచ్చింది. వద్దంటే, 'బీరువాలో పెట్టి పురుగులకు పెడతావా' అనేసింది. మూడు వారాల నుంచి ఫోన్లో కూడా 'తిన్నావా, తిన్నా' అంతే. ఎవరిది తప్పు?

జవాబు: ఎవరిది తప్పో తర్వాత చూద్దాం, ముందు ఒక మాట, కోపం తెచ్చుకోవద్దు. మీ అమ్మ కత్తెర పెట్టకుండానే బొంతలు కుట్టిందని అనుకుంటున్నారా? లెక్క వేసుకుందాం రండి. చీర అయిదున్నర మీటర్లు, అంటే 216 అంగుళాలు, పన్నా 45. దాన్ని ఉన్నదున్నట్టు మడిచి పరిస్తే పొడుగ్గా, సన్నగా వస్తుంది, ఒక పక్కకు తిరిగి పడుకుంటే రెండో పక్క చలి. అందుకే మా ఇంట్లో చీరను మూడుగా కోసేవాళ్లు, ఒక్కో ముక్క 72 అంగుళాలు. రెండు ముక్కలు పక్కపక్కన జోడిస్తే ఆరడుగుల వెడల్పు, కుట్టులో పోయింది పోగా ఏడడుగుల పైచిలుకు పొడవు. మూడు చీరలకు తొమ్మిది ముక్కలు, ఎనిమిదింటితో నాలుగు పొరలు, తొమ్మిదోది అంచు పట్టీకి. మీ ఇంట్లో ఉన్న పాత బొంత ఒకటి తీసి నడుమ తడిమి చూడండి, జోడింపు కుట్టు వేలికి తగులుతుంది. ఆ చీరలు కోసింది మీ అమ్మే.

కాబట్టి మీకు పేచీ కత్తెరతో కాదు, ముక్క సైజుతో. 72 అంగుళాల ముక్కలో చీర చీరలాగే ఉంటుంది, 'ఇది తిరుచానూరు పోయినప్పుడు కట్టింది' అని వేలు పెట్టి చూపించొచ్చు. అయిదంగుళాల ముక్క చేసేసరికి అది ఎవరి చీరైనా కావచ్చు. మీ భయం అదే కదా? న్యాయమైన భయమే. మీ పాప మాటా న్యాయమైనదే, మడతల మీద ఏళ్ల తరబడి ఉన్న నేత చీర ఆ మడత గీత దగ్గరే పిగిలిపోతుంది, అప్పుడు బొంతకూ రాదు, కట్టుకోడానికీ రాదు.

ఇప్పుడు అసలు లెక్క. అయిదంగుళాల ముక్కను నాలుగు వైపులా పావంగుళం కుట్టులోకి పెడితే నాలుగున్నర మిగులుతుంది. అడ్డంగా 15, నిలువుగా 19 వరసలు పెడితే 285 ముక్కలు, ఒక మనిషికి దండిగా సరిపోయే బొంత. పదకొండు చీరలకు పంచితే ఒక్కో చీర నుంచి 26 ముక్కలు. అంచు వదిలేసి కోసినా పన్నాకు ఎనిమిది ముక్కలొస్తాయి, నాలుగు పట్టీలు తీస్తే 32. నాలుగు పట్టీలంటే 20 అంగుళాల గుడ్డ! మనం రవికె కోసం 80 సెంటీమీటర్లు, అంటే 31 అంగుళాలు కోసేస్తామే, అంత కూడా లేదు. కొంగు జోలికి పోకుండా, లోపల దోపుకునే చివర నుంచి 20 అంగుళాలు తీసుకోమనండి. చీర ఇంకా అయిదు మీటర్ల చీరగానే ఉంటుంది, గంగమ్మ జాతరకు కట్టుకుని పోవచ్చు. పైగా ఆ దోపుకునే కొన ఎండ పడక రంగు వెలిసిపోకుండా ఉంటుంది, ముక్కలకు అదే మంచిది. మీ పాప పదకొండు చీరలూ ముక్కలు చేస్తానంటే ఈ లెక్క కాగితం మీద రాసి చూపించండి. అన్నీ కోస్తే పది బొంతలకు పై పొరలు కుట్టినా ఇంకా గుడ్డ మిగులుతుంది.

ఒక్క చీర మాత్రం పూర్తిగా ఇవ్వాల్సి ఉంటుంది, అడుగు పొరకు. బాగా మెత్తబడినది, మీ అమ్మ ఇంట్లో వాడుకున్నది చూసుకుని మీ పద్ధతిలో మూడుగా చేసి రెండు జోడించండి, పై పొర కంటే చుట్టూ రెండేసి అంగుళాలు ఎక్కువే వస్తుంది. నడుమ ఒక పాత నూలు దుప్పటి. పై పొర పాప మిషను మీద కుట్టుకోనీ, మూడు పొరలూ కలిపి కుట్టే పని మీ చేతికి. అది మాత్రం మిషనుకు ఇవ్వొద్దు, ఇది నా స్వార్థం అనుకోండి, చేతికుట్టు వేసిన బొంత మెత్తగా ఒంటికి అతుక్కుంటుంది, మిషను కుట్టు వేసింది కాస్త బిరుసు.

కత్తెర పట్టుకోలేకపోతే పట్టుకోవద్దు. అంచు దగ్గర చిన్న గాటు మాత్రం పాపతో పెట్టించి, మీరు రెండు చేతులతో పట్టుకుని చించండి. నేత నూలు పోగు వెంట గీత గీసినట్టు చినుగుతుంది, గీతలు గీసే పని కూడా తప్పుతుంది. ఇది నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో నది మెలిక తిరిగే చోట జీస్ బెండ్ అని ఒక పల్లె ఉంది, ఒకప్పుడు పత్తి తోటల్లో బానిసలుగా బతికినవాళ్ల పిల్లలూ మనవళ్లూ ఉండే ఊరు. అక్కడ మిస్సూరి పెట్‌వే అనే ఆమె 1942లో మొగుడు పోతే, ఆయన పొలం పనికి వేసుకునే ప్యాంట్లు, చొక్కాలు చించి బొంత కుట్టింది. ఆయన్ని గుర్తుంచుకోవడానికి, ఆ బొంత కప్పుకుని పడుకోవడానికి. పక్కన కూర్చుని సాయం చేసింది కూతురు ఆర్లోంజియా. మోకాళ్ల దగ్గర వెలిసిపోయిన చోట్లు, జేబు ఊడదీసిన చోట ముదురు రంగు, ఏదీ దాచలేదు వాళ్లు. మీరు కూడా అమ్మ చీరలో ఎక్కడైనా రఫూ చేయించిన చోటు ఉంటే దాన్ని పారేయొద్దు, నడుమ వరసలో పెట్టండి.

తప్పెవరిదని కదా అడిగారు. 'పురుగులకు పెడతావా' అన్న మాట ఒక్కటి మీ పాప వెనక్కి తీసుకోవాలి. మిగతాది లెక్క రాక వచ్చిన గొడవే.

ప్రశ్న: మేడం, మాది చిత్తూరు. మా అమ్మకు అరవై నాలుగు. ఇద్దరం ఒకే బొంత మీద చెరో పక్క కూర్చుని కుడతాం, నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఈమధ్య అమ్మ కుట్లు వంకర పోతున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆమెతో అనలేక, రాత్రి ఆమె పడుకున్నాక ఆ వరసలు విప్పి నేనే మళ్లీ కుట్టేస్తున్నా. ఆమెకు తెలియదు. ఇది తప్పా?

జవాబు: తెలియదని మీరు అనుకుంటున్నారు. నలభై ఏళ్లు కుట్టిన చేయి తన కుట్టును తాను గుర్తుపట్టదా తల్లీ! మొదటిరోజే తెలిసి ఉంటుంది, మీరు బాధపడతారని ఆమె అనలేదు, ఆమె బాధపడుతుందని మీరు అనలేదు. ఇవాళే మానేయండి.

అంతకంటే ముందు కంటి డాక్టరు. ఆ వయసులో చూపు మసకబారితే చాలావరకు శుక్లం, చిన్న ఆపరేషనుతో లెన్సు పెడితే పోయేదానికి, వయసైపోయిందని ఊరుకుని కూర్చుంటారు మనవాళ్లు. షుగరు ఉంటే అదీ చూపించాలి. 'దీపావళి పోనీ, సంక్రాంతి పోనీ' అని వాయిదా వేయొద్దు.

చూపించుకున్నాక కుట్టు సంగతి. పొద్దున మీరు ఆఫీసుకు పోయేలోపు పది సూదులకు దారం ఎక్కించి దిండుకు గుచ్చి పెట్టండి, ఒక్కోటి మూరన్నర దారం, అంతకంటే పొడుగైతే చిక్కు పడుతుంది. ఆమె పగలంతా ఎవరినీ పిలవాల్సిన పని లేకుండా కుట్టుకుంటుంది. సుద్ద గీత కనబడకపోతే గుడ్డను మడిచి గోటితో గట్టిగా నొక్కండి, లేదా ఇస్త్రీ పెట్టె వేయండి, ఆ మడత వేలికి తెలుస్తుంది, కంటికి తెలియకపోయినా. ముదురు గుడ్డ మీద తెల్ల దారం, లేత గుడ్డ మీద ఎర్ర దారం. సాయంత్రం ట్యూబ్‌లైటు కింద వద్దు, పగలు కిటికీ పక్కన.

ఇక వంకర కుట్లు. పైన జీస్ బెండ్ గురించి రాశాను కదా, ఆ ఊరి ఆడవాళ్ల బొంతల్లో గీత గీసినట్టు ఉండే వరస వెతికినా తక్కువే. ముక్కలు ఒరుగుతాయి, పట్టీలు మెలిక తిరుగుతాయి. వాటినే 2002లో హ్యూస్టన్‌లో ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో గోడలకు వేలాడదీశారు, తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో పెట్టారు, 2006లో అమెరికా తపాలా శాఖ పది బొంతల బొమ్మలతో స్టాంపులు వేసింది. ఎవరూ వాటిని రాత్రి విప్పి మళ్లీ కుట్టలేదు. మీ అమ్మ కుట్టినవి విప్పేసి మీరు సాపుగా కుట్టినవి ఉన్నాయే, పదేళ్ల తర్వాత మీకే వాటిని చూస్తే ఏడుపొస్తుంది, ఇప్పుడే చెప్తున్నా.

ప్రశ్న: నేను ఆడవాళ్ల శీర్షికకు రాయడం ఇదే మొదలు. మాది పుత్తూరు. మా ఆవిడ, కూతురు కలిసి ఇల్లంతా గుడ్డ ముక్కలు చేశారు. మంచం కింద మూటలు, అటక మీద మూటలు. టైలరు అంగళ్ల నుంచి కట్ పీసులు సంచుల్లో తెస్తున్నారు. మొన్న నా లుంగీ, ఇంకా బాగుండేది, కనబడకుండా పోయింది. అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతున్నారు. మీరైనా చెప్పండి.

జవాబు: అన్నా, పుత్తూరంటే లోకానికంతా ఎముకల కట్టు గుర్తొస్తుంది, విరిగినదాన్ని అతికించే ఊళ్లో ఉండి అతుకుల మీద ఫిర్యాదా! లుంగీ సంగతి మర్చిపోండి. కొత్త లుంగీ గంజి దిగక బొంతకు పనికిరాదు, ఉతికి ఉతికి మెత్తబడినదే పట్టుకుపోతారు, అంటే ఆ లుంగీ బాగుండేది మీ లెక్కలోనే. మీ పక్కన నగరి, మీ ఊరు మగ్గాల ఊళ్లు, లుంగీలకు కరువా.

మీ ఆవిడకు మాత్రం ఒక మాట. సంచులు కట్టిపెట్టేటప్పుడు నూలు ఒక మూట, టెరికాటన్, పాలిస్టర్ ఒక మూట చేయండమ్మా. తెలియకపోతే రెండు పోగులు లాగి అగ్గిపుల్ల చూపించండి, నూలు కాగితం కాలిన వాసనొచ్చి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. రెండూ ఒకే బొంతలో కలిపితే నూలు ముడుచుకుంటుంది, ఇంకోటి ముడుచుకోదు, ఉతికాక అప్పడంలా లేస్తుంది. అరచేతి కంటే చిన్న ముక్కలు దాచొద్దు, దిండులో కూరేయండి. మీ ఆయన అన్న అటక మూటల్లో సగం ఆ చిన్న ముక్కలే అయి ఉంటాయని నా అనుమానం, ఎందుకంటే మా అటక మీదా అవే.

ప్రశ్న: శ్రీకాళహస్తి నుంచి ఒక తల్లీ కూతుళ్లం రాస్తున్నాం. మాకు తెలిసినవాళ్ల దగ్గర కలంకారీ ముక్కలు దొరుకుతాయి. వాటితో బొంత కుట్టాం, చాలా బాగా వచ్చింది, ఉతకడానికి మాత్రం భయంగా ఉంది. రంగు దిగకుండా ఉప్పు నీళ్లలో నానబెట్టమని అందరూ అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఉప్పు గురించి నేనూ చిన్నప్పటి నుంచి వింటున్నా, చేశా కూడా, మోసపోయా. రంగు అద్దేటప్పుడు ఆ తొట్టిలో ఉప్పు పడితే పని చేస్తుంది గానీ, అద్దేసిన గుడ్డలో వదులుగా ఉన్న రంగును ఉప్పు పట్టి ఆపదు.

నా కథ చెప్తా. మా మనవరాలికి బొంత కుట్టా, నేనూ మా అమ్మాయీ కలిసి. మా నాన్న తెల్ల పంచె ముక్కలు, నడుమ నడుమ ఎర్ర సుంగుడి చీర ముక్కలు. సుంగుడి కొత్తది, ఒక రాత్రి ఉప్పు నీళ్లలో నానబెట్టి ఆరేసి, అంతా అయిపోయిందని కుట్టేశా. మొదటి ఉతుకులో పంచె తెలుపంతా గులాబీ రంగు అయిపోయింది, అదీ సమానంగా కాదు, మచ్చలు మచ్చలుగా. మా అమ్మాయి ఏమీ అనలేదు గానీ, నాన్న పంచె అని నాకు రెండు రోజులు అన్నం దిగలేదు. చేయాల్సింది ఏమంటే, ముక్క కోయకముందే ఒక మూల తడిపి, తెల్లగుడ్డ మీద పెట్టి, వేడి ఇస్త్రీ పెట్టె అదమాలి. తెల్లగుడ్డకు రంగు అంటితే ఆ ముక్క బొంతలోకి పోదు, అంతే, బతిమాలుకోవడాలు లేవు.

మీ ఊరి కలం పనికి అంత భయం అక్కర్లేదు. గుడ్డను కరక్కాయ, పాలల్లో తడిపి, వెదురు కలంతో గీసి, పటిక పెట్టి, ఉడకబెట్టి, పారే నీళ్లలో ఉతికి ఉతికి తీస్తారు. పోయే రంగు చాలావరకు అక్కడే పోయి ఉంటుంది. ఆ నలుపు కూడా ఇనప తుప్పు, బెల్లం నానబెట్టి చేసిన కసిమి. అయితే కలంకారీ పేరుతో మిషను మీద అచ్చేసిన గుడ్డ బజారు నిండా ఉంది, దానికి ఈ మాటలేవీ వర్తించవు, దానికి ఇస్త్రీ పరీక్షే గతి. రెండింటినీ ఉతకడం ఒకటే: కుంకుడు రసం, చల్లనీళ్లు, పిండకుండా నీళ్లు ఓడ్చి, నీడలో పరిచి ఆరబెట్టడం. తీగ మీద వేస్తే తడి బరువుకు కుట్లు సాగుతాయి.

ప్రశ్న: అక్కా, మేం పలమనేరులో ఉంటాం, మా అక్క తిరుపతిలో. అమ్మ మా ఇద్దరికీ చెరో బొంత కుడతానంటుంది, నేనూ కూర్చుంటా. లోపల దూది పెట్టాలా, అక్కర్లేదా? ఇంకోటి, మిషను మీద కుడితే అడుగు పొర ముడతలు పడుతుంది, సూదులు విరుగుతున్నాయి.

జవాబు: ఇద్దరికీ ఒకే రకం కుట్టొద్దని మీ అమ్మకు చెప్పు. మీ పలమనేరులో డిసెంబరు రాత్రులకు దూది ఉండాలి. తిరుపతిలో ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే ఊళ్లో దూది బొంత ఇస్తే మీ అక్క దాన్ని పరుపు కింద వేస్తుంది. ఆమెకు నాలుగు పొరల చీరల బొంత, లోపల ఏమీ వద్దు. మనవే కాదు, కర్ణాటకలో కౌది, మరాఠీవాళ్ల గోధడి, బెంగాలీల కాంథా, అన్నీ పాత బట్టల పొరలే. బెంగాలులో అయితే పాత చీర అంచుల నుంచి రంగు పోగులు లాగి వాటితోనే కుట్టేవాళ్లు, దారం ఖర్చు కూడా లేకుండా.

దూది పెట్టేటట్టయితే, ఏకిన విడి దూదికి రెండంగుళాలకు ఒక వరస కుట్టు పడాలి. లేకపోతే రెండు ఉతుకులకే ఒక మూలకు ఉండ కట్టి కూర్చుంటుంది. షీటులా వచ్చేది వాడితే కాస్త దూరం కుట్టినా నడుస్తుంది, ఎంత దూరమో దాని కవరు మీదే రాసి ఉంటుంది, చదువుకోండి.

ముడతలకు కారణం పొరలు జారడం. అడుగు పొరను నేల మీద పరిచి చుట్టూ టేపు అంటించి బిగువుగా పెట్టు, మీద నడుమ పొర, మీద పై పొర, తర్వాత జానెడు దూరానికి ఒక పిన్నీసు. మిషనులో నడిమధ్య మొదలుపెట్టి అంచులకు రావాలి, అప్పుడు ముడత వచ్చినా బయటికి తోసుకుంటూ పోతుంది. కర్ణాటక ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ తెగ ఆడవాళ్లు తమ కవంద్ బొంతలు దీనికి తలకిందులుగా, మూల నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమధ్యకు వస్తారు, కానీ వాళ్లది చేతికుట్టు, ముక్క ముక్కా చేత్తో సర్దుకుంటూ పోతారు. మిషనుకు అంత ఓపిక లేదు. సూది 16 నంబరు వేయి, కుట్టు పొడవు మూడు మిల్లీమీటర్లకు పెంచు, మిషను పాదాల్లో వాకింగ్ ఫుట్ అనేది దొరికితే అది పై గుడ్డను కూడా లాగుతుంది. సూది విరిగేది ఎక్కువగా మనం గుడ్డను వెనక నుంచి లాగడం వల్ల. పిన్నీసు మీదుగా కుట్టినా విరుగుతుంది, కంట్లో పడుతుంది, జాగ్రత్త.

ప్రశ్న: తిరుపతి నుంచే. నేనూ మా అమ్మా కుట్టిన బొంత ఒకటి చూసి వీధిలో వాళ్లంతా 'మాకూ ఒకటి కుట్టిపెట్టండి, గుడ్డలు మేమే ఇస్తాం' అంటున్నారు. డబ్బు మాట ఎత్తితే 'ఇంట్లో ఖాళీగానే ఉంటారు కదా' అంటున్నారు. అమ్మ మొహమాటస్తురాలు. ఎంత అడగాలి?

జవాబు: ఆరడుగులు, ఏడున్నర అడుగుల బొంతకు అంగుళానికి ఒక వరస వేస్తే 72 వరసలు, ఒక్కో వరస 90 అంగుళాలు. మొత్తం 165 మీటర్ల కుట్టు. అంగుళానికి అయిదు కుట్లు అనుకుంటే 32,400 సార్లు సూది గుచ్చాలి. ఈ అంకె ఒక అట్ట మీద పెద్దగా రాసి మీ హాల్లో తగిలించండి. గంటకు ఎన్ని వరసలు పడతాయో గడియారం పెట్టుకుని చూసుకుని, మీ వీధిలో టైలరు రోజుకు ఎంత సంపాదిస్తాడో కనుక్కుని, దాన్నిబట్టి చెప్పండి. డబ్బు మాట మీరు మాట్లాడండి, అమ్మను లోపల కూర్చోబెట్టండి. ఒప్పుకోనివాళ్లకు సూదీ దారం ఇచ్చి నేర్పిస్తామనండి, ఎంతమంది వస్తారో చూద్దాం.

ఈ పేజీ కట్టేసే ముందు ఇంకొకటి. కొర్లగుంట అమ్మ ఉత్తరం వచ్చిన నాలుగు రోజులకు బెంగళూరు నుంచి ఒకటి వచ్చింది. పేరు వేయొద్దంది, వేయను.

ప్రశ్న: ఆంటీ, మా అమ్మ మీ శీర్షిక తప్పకుండా చదువుతుంది, నా గురించి మీకు రాసే ఉంటుంది. అవ్వ చీరలు కోద్దామని గట్టిగా అన్నది నేనే. కానీ అందులో ఒక చీర ఇంకా అవ్వ వాసన వస్తుంది, వక్కపొడి, విక్స్ కలిపినట్టు. బీరువా తీసినప్పుడల్లా అమ్మ చూడకుండా నేనూ వాసన చూస్తా. వీడియోల్లో అందరూ కోసే ముందు గుడ్డ తప్పకుండా ఉతకాలంటున్నారు, లేకపోతే తర్వాత కుంచించుకుపోతుందట. ఉతికితే ఆ వాసన పోతుంది. ఏం చేయాలి?

జవాబు: ఉతకమనేది కొత్త గుడ్డకు బంగారూ. కొత్త నూలు మొదటి ఉతుకుల్లో మూడు నుంచి అయిదు శాతం దాకా ముడుచుకుంటుంది, గంజి దిగుతుంది, అందుకని. మీ అవ్వ చీరలు వందసార్లు రేవు చూసినవి, ముడుచుకోవాల్సింది ఎప్పుడో ముడుచుకున్నాయి. రంగు పరీక్షకు ఒక మూల తడిపితే చాలు, అదీ దోపుకునే వైపు మూల. ఆ ఒక్క చీర నుంచి ముక్కలు ఉతక్కుండా అట్లే తీయి, అవి తలవైపు వరసలో పెట్టు. 20 అంగుళాలు పోగా మిగిలిన చీరను మడతలు మార్చి మళ్లీ బీరువాలోనే పెట్టు, నాఫ్తలీన్ ఉండలు మాత్రం ఆ అరలో వేయొద్దు.

ఈ శనివారం ఇంటికి పోతున్నావా? పోయేటప్పుడు పిన్నీసులు ఒక డబ్బా తీసుకుని పో, అంత పెద్ద బొంతకు వంద పైనే పడతాయి, మీ అమ్మ దగ్గర అన్ని ఉండవు.